చావు సామాన్ల కొట్టుకు లక్ష్య నిర్దేశం

మా కొట్టుకు బోర్డు ఉండేది కాదు. అవసరం పడలేదు. చింతలరేవు మునిసిపల్ కాంప్లెక్సులో, పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా, వెదురు బొంగులు గోడకు చేరేసి ఉన్న గది ఎవరిదో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసీ తల అవతలికి తిప్పుకుని నడుస్తారు. నేనేమీ అనుకోను. పక్క ఊరు వెళ్లినప్పుడు అక్కడి కొట్టు ముందు నేనూ అలాగే నడుస్తాను.

పాడె బొంగులు, కొబ్బరి తాళ్లు, కొత్త కుండలు, తెల్లగుడ్డ, పేలాలు, నువ్వులు, పిడకలు, సాంబ్రాణి, పూలదండలు. ఇదీ సరుకు. మా నాన్న పెట్టిన కొట్టు. సరుకుతోపాటు ఆయన నాకు కొన్ని పద్ధతులు అప్పజెప్పి పోయాడు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ‘రండి’ అనకూడదు. ఎవరు పోయారని అడగకూడదు, వాళ్లే చెబితే వినాలి. అన్నీ కట్టి ఇచ్చాక ఆఖర్న ఒక అగ్గిపెట్టె పెట్టాలి, దానికి మాత్రం డబ్బు తీసుకోకూడదు. కొనేవాళ్లకూ ఒక పద్ధతుంది. ‘వెళ్లొస్తాం’ అనరు. మూట భుజానేసుకుని వెనక్కి చూడకుండా పోతారు. నేను కూర్చున్న ఇన్నేళ్లలో ‘ఉంటాను తాతబ్బాయ్, మళ్ళీ కలుద్దాం’ అన్న మనిషి మా గుమ్మంలో ఒక్కడూ తగల్లేదు.

ఇంత తలాతోకా లేకుండా ఒక వ్యాపారం నడుస్తోందన్న సంగతి ప్రభుత్వం వారికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

తెలిసింది మొదలు ఆగలేదు. ‘చిరు వ్యాపారుల లక్ష్య నిర్దేశ, దిశా నిర్ణయ పథకం’ అని ఒకటి పుట్టింది. దేశంలో చిన్న వ్యాపారాలు ఎదగకపోవడానికి కారణం పెట్టుబడి లేకపోవడం కాదట, కరెంటు పోవడం కాదట, రోడ్డు తవ్వి వదిలేయడం అంతకన్నా కాదట. లక్ష్యం లేకపోవడమట. కాబట్టి మునిసిపల్ గదుల్లో వ్యాపారం చేసుకునే ప్రతివాడూ ఒక స్పష్టమైన లక్ష్యం రాసివ్వాలి. మార్చి నెలాఖరుకల్లా దాన్ని సాధించాలి. సాధించనివాడి గది లక్ష్యం ఉన్న ఇంకొకడికి ఇస్తారు. మా గది మీద అప్పటికే ఒక కేకుల షాపు ఆయన కన్నేసి ఉన్నాడు. ఆయనకు బోలెడంత లక్ష్యం ఉంది.

ఈ గది పోతే నేనెక్కడికి పోవాలి? ఈ సరుకు పెట్టుకోవడానికి ఊళ్లో ఎవడు అరుగైనా ఇస్తాడు? ఆసుపత్రిలో మనిషిని పోగొట్టుకుని బయటికొచ్చిన పల్లెటూరివాళ్లు ఎదురుగా కేకులు చూసి ఏం చేసుకుంటారు?

లక్ష్యాధికారి పృథ్వీధర్ గారు ఒక సోమవారం వచ్చారు. పాతికేళ్లు దాటి ఎన్నో అయి ఉండవు. మడత నలగని చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. మా ఊరివాడే. రిటైరయిన పోస్టుమాస్టరు గవరయ్య గారి ఒక్కగానొక్క కొడుకు. అయినా నన్ను ఎరగనట్టే కుర్చీ తుడుచుకుని కూర్చున్నారు. ఆయన కూడా చిన్నప్పటినుంచీ తల అవతలికి తిప్పుకుని నడిచినవాడే కదా.

“ఐదేళ్ల తరవాత మీ వ్యాపారాన్ని ఎక్కడ చూడాలనుకుంటున్నారు?” అని అడిగారు.

“ఇక్కడేనండి. ఆస్పత్రికి ఎదురుగా.”

“మీ పాత ఖాతాదారుల్లో తిరిగి వచ్చేవారి శాతం ఎంత?”

“ఒక్కరూ రారండి.”

ఆయన పెన్ను ఆపారు. “ఒక్కరూ రారా? పక్కనున్న మిఠాయి దుకాణంలో నూటికి డెబ్బైమంది తిరిగి వస్తున్నారు. అదే కాంప్లెక్సు, అదే రోడ్డు. దీన్ని మేము సేవాలోపం కింద పరిగణిస్తాం.”

“సేవాలోపం కాదండి. మా దగ్గర ఒక మనిషికి ఒకేసారి అవసరం పడుద్దండి.”

“అలా అనుకోవడమే మీ వ్యాపారానికి ప్రధాన అవరోధం,” అని ఆయన రాసుకున్నారు. ఆ తరవాత అసలు ప్రశ్న వేశారు. “మీ దుకాణం లక్ష్యం ఏమిటి? ఆలోచించుకుని చెప్పండి.”

ఈ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. నిజంగానే ఆలోచించాను. “ఎవరూ రాకుండా ఉంటే మంచిదండి. వచ్చినోళ్లకి మాత్రం ఏదీ లేదనకూడదండి. అంతేనండి,” అన్నాను.

ఆయన అది రాశారు. ఒకసారి చదువుకుని, స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టారు. “ఇది లక్ష్యం కాదు. దీన్ని కొలవడానికి వీల్లేదు. పైపెచ్చు మొదటి వాక్యం వ్యాపార వ్యతిరేకం. లక్ష్యమంటే ఇలా ఉండాలి,” అని కింద తనే రాశారు: ‘ప్రస్తుత సంవత్సరాంతానికి విక్రయాల్లో ఇరవై శాతం వృద్ధి.’

“ఇరవై శాతం పెరగాలంటే ఊళ్లో మరి...” అని నసిగాను.

“ఆ వివరాల్లోకి పథకం వెళ్లదు. లక్ష్యం మాది. వ్యూహం మీది.”

లేస్తూ ఆయన చూపు అగ్గిపెట్టెల డబ్బా మీద పడింది. దానికి మేం డబ్బు తీసుకోం అని చెబితే, ‘అనుత్పాదక వ్యయం’ అని ఇంకో గడిలో రాసుకున్నారు.

వారం తిరక్కుండా బోర్డు వచ్చింది. పథకం కింద అన్ని కొట్లకూ ఒకటే నమూనా. పసుప్పచ్చ రంగు మీద ఎర్రటి అక్షరాలు, పక్కన నవ్వుతూ నమస్కారం పెడుతున్న ఆడమనిషి బొమ్మ. ‘మా సేవలు పొందినందుకు ధన్యవాదాలు. మళ్ళీ మళ్ళీ రండి!’ రాత్రిపూట వెలిగేటట్టు చుట్టూ చిన్న బల్బులు కూడా బిగించారు. బోర్డు ఉంటే చాలదు, సరుకు చేతికిచ్చేటప్పుడు ఆ రెండు వాక్యాలూ నోటితో కూడా అనాలని నిబంధన. అనకపోతే మార్కులు కోస్తారు.

మా ఆవిడ సత్యవేణి బోర్డు చూసి నోరు నొక్కుకుంది. “ఏవండీ, ఆ మాట మీరు అంటారా?”

“గవర్నమెంటోరు అనమంటే అనకేం చేత్తానే?”

“అయితే నేను ఇంట్లో ఉంటాను. తన్నులు తిన్నాక కబురెట్టండి.”

మొదటి తన్నులకు ఎంతోసేపు పట్టలేదు. మర్నాడు పొద్దున్నే అన్నను పోగొట్టుకున్న ఒక వస్తాదులాంటి మనిషి వచ్చాడు. నేను అన్నీ కట్టి, కుండ చేతికిచ్చి, తలవంచుకుని ఎంత సన్నగా అనగలనో అంత సన్నగా “ధన్యవాదాలండి, మళ్ళీ మళ్ళీ రండి” అన్నాను. ఆయన నన్ను చూశాడు. బోర్డు చూశాడు. కుండ జాగ్రత్తగా కింద పెట్టాడు. తరవాత నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. మిఠాయి కొట్టు ఆయన వచ్చి విడిపించబట్టి సరిపోయింది.

చిరిగిన చొక్కాతో వెళ్లి పృథ్వీధర్ గారికి చెప్పుకున్నాను. ఆయన శ్రద్ధగా విని, ‘ఖాతాదారుల స్పందన: బలంగా ఉంది’ అని నమోదు చేసుకున్నారు.

దానితో ఆగితే బాగుండేది. కొన్నవాళ్ల ఫోను నంబర్లు రాజధానికి వెళ్లేవి. అక్కణ్ణుంచి ఒక తియ్యటి గొంతు అమ్మాయి ఫోను చేసేది. ‘ఇటీవల మీరు పొందిన సేవ మీకు ఆనందాన్ని కలిగించిందా? ఈ సేవను మీ బంధుమిత్రులకు సిఫారసు చేస్తారా?’ చాలామంది ఆ అమ్మాయిని వినలేని తిట్లు తిట్టారు. కాలవ లాకుల దగ్గరుండే ఒకావిడ మాత్రం కాసేపు ఆలోచించి, “మా తోడికోడలికి చేత్తానమ్మా. తప్పకుండా చేత్తాను,” అందట. దాంతో మా కొట్టుకు ఐదుకి ఐదు నక్షత్రాలు వచ్చాయి. జిల్లా మొత్తం మీద సిఫారసు విభాగంలో మాదే మొదటి స్థానం.

నక్షత్రాలు వచ్చాయి గానీ అమ్మకం పెరగలేదు. పెరగకపోగా తగ్గింది. ఎందుకు తగ్గిందో సమీక్షా సమావేశంలో బయటపడింది.

మునిసిపల్ హాల్లో కమిషనరు గారి అధ్యక్షతన అన్ని శాఖలవాళ్లూ కూర్చున్నారు. నన్ను చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. నాకు ముందు ఆరోగ్య శాఖ డాక్టరు హైమవతి గారు లేచి, ఈ ఏడాది పట్టణంలో మరణాలు ఇరవై శాతం తగ్గించడం తమ లక్ష్యమని, ఇప్పటికే సగం సాధించామని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతుండగానే నా అమ్మకం ఎందుకు తగ్గిందో తెలిసింది.

తరవాత పృథ్వీధర్ గారు లేచి, మా కొట్టు లక్ష్యం ఇరవై శాతం వృద్ధి అని చదివారు.

హైమవతి గారు కళ్లజోడు సవరించుకుని నన్ను ఎగాదిగా చూశారు. “సార్, ఆయన లక్ష్యం నెరవేరితే నా ఇంక్రిమెంటు ఆగిపోతుంది.”

“మేడమ్ గారి లక్ష్యం నెరవేరితే నా గది పోద్దండి,” అన్నాను నేను లేచి.

కమిషనరు గారు గొంతు సవరించుకున్నారు. “ఇరువురూ ఒకే పట్టణంలో పనిచేస్తున్నారు. అయినా మీ మధ్య సమన్వయం లోపించినట్టు స్పష్టమవుతోంది. ఇది విచారకరం.”

“పోనీ, ఎవరిదో ఒకరి లక్ష్యం తగ్గిస్తే సార్...” అన్నారెవరో వెనకనుంచి.

“రెండూ ప్రభుత్వ లక్ష్యాలే. తగ్గించే అధికారం నాకు లేదు. పెంచమంటే పెంచుతాను. రెండూ ఏకకాలంలో నెరవేరే మార్గం ఈ సభ అన్వేషించాలి.”

సభ అన్వేషించింది. సమోసాలు వచ్చాయి, టీలు వచ్చాయి. డాక్టరు గారూ నేనూ ఒకళ్లనొకళ్లం చూసుకోకుండా సమోసా తిన్నాం. ఆ తరవాత పృథ్వీధర్ గారు మెరిసే కళ్లతో లేచి నిలబడ్డారు.

“సార్, మరణాలు తగ్గాలి. కొనుగోళ్లు పెరగాలి. అంటే, బతికున్నవాళ్లు కొనాలి.”

హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది. హైమవతి గారైతే లేచి వెళ్లి కరచాలనం చేసి వచ్చారు. కమిషనరు గారు అప్పటికప్పుడు దానికి పేరు కూడా పెట్టారు. ‘ముందుచూపు మేళా.’

మేళా పెన్షనర్ల భవనంలో పెట్టారు. ఎందుకు అక్కడే పెట్టారో నేను చెప్పనక్కర్లేదు. మైకు, శామియానా, గుమ్మానికి మావిడాకులు. బొంగులు, కుండలు, గుడ్డలు బల్లల మీద తీర్చిపెట్టి నేను భయంతో ఒక మూల నిలబడ్డాను. ముసలివాళ్లు కర్రలతో కొడతారనుకున్నాను. వాళ్లు కొట్టలేదు. వాళ్లు పొద్దు పోక చచ్చిపోతున్నారు. ఒకచోటికి పిలిచి, కుర్చీ వేసి, అల్లం టీ ఇచ్చి, మీకేం కావాలని అడిగిన కార్యక్రమం వాళ్లకు చాన్నాళ్లకు తగిలింది.

లెక్కల మాస్టారుగా చేసిన సోమయాజులు గారు బొంగులు ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూశారు. “ఇది పచ్చిదోయ్ తాతబ్బాయ్. నేను ఇప్పట్లో పోయేది లేదు. ఈలోగా పుచ్చు పడితే మార్చి ఇస్తావా?”

“ఇత్తానండి.”

“కుండకు గ్యారంటీ ఉందా?”

“దాన్ని ఎలాగూ పగలగొట్టేత్తారు కదండీ.”

“ఎలాగూ పగలగొట్టేదానికి అంత ధర ఎందుకోయ్?” అని ఆయన గట్టిగా బేరం పెట్టారు. మా కొట్టు చరిత్రలో సొంత సామానుకు బేరమాడిన మనిషి ఆయనే. చుట్టూ ఉన్నవాళ్లకు హుషారు వచ్చింది. ఒకాయన తనకు పొడుగు బొంగులు కావాలన్నాడు. ఇంకొకాయన గుడ్డ మరీ పల్చగా ఉందన్నాడు. వాళ్లావిడ పక్కనుంచి “మీకు చలెక్కువ, మందంది తీసుకోండి,” అంది.

అందరికన్నా వెనక నిలబడింది గవరయ్య గారు. పృథ్వీధర్ గారి తండ్రి. వేదిక మీద కొడుకు మైకులో మాట్లాడుతుంటే కళ్లకు చెయ్యి అడ్డంపెట్టుకుని చూస్తున్నాడు. జనం పలచబడ్డాక నా దగ్గరకు వచ్చాడు.

“మావోడికి ఇంకెన్ని తక్కువ పడుతున్నాయిరా?”

“ఒక్కటండి.”

“అయితే నాకోటి రాయి.” పోస్టాఫీసులో స్టాంపులు కొన్నంత తేలిగ్గా అన్నాడు. “ఇంట్లో పెడితే మా కోడలు దడుసుకుంటాది. సామాను నీ దగ్గరే అట్టే పెట్టు. వాడికి మాత్రం చెప్పకు. నేను కొన్నానని తెలిస్తే వద్దంటాడు.”

“తమరికి ఇప్పుడేం తొందరండి?”

“తొందర నాకు కాదురా, వాడికి. వాడి మొహం చూశావా? నెల్రోజుల్నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదు.”

ఆయన సామాను ఒక మూట కట్టి, ‘గవరయ్య గారు’ అని చీటీ పెట్టి అటక మీద పెట్టాను. ఆ సాయంత్రం మా కొట్టు లక్ష్యం నిండింది. కమిషనరు గారు నాకు దండ వేశారు. ఆ దండ నా దగ్గరే కొన్నారు.

ఇక గది నాదే అని నేనూ సత్యవేణీ మినప గారెలు వండుకుని తిన్నాం. అరక్కముందే రాజధాని నుంచి ఆడిట్ వారి ఉత్తర్వు దిగింది. పథకం కింద కొన్న సామాను అమ్ముడైతే చాలదు. నిర్దేశించిన ప్రయోజనానికే ఉపయోగపడినట్టు వినియోగ ధ్రువపత్రం కావాలి. కొనుగోలుదారు సంతకంతో, ఫొటోతో, మార్చి ముప్పై ఒకటిలోగా. లేకపోతే ఆ అమ్మకం అమ్మకమే కాదు.

పృథ్వీధర్ గారు ఉత్తర్వు రెండుసార్లు చదివారు. నేను ఆయన మొహం చదివాను. ఒక్క క్షణం ఆయన ఏదో అనబోయారు. అది ఆయనలోని మనిషి అనబోయింది. అంతలోకే అధికారి సర్దుకున్నాడు. “నియమం నియమమే. నోటీసులు వెళ్లాలి.”

వెళ్లాయి. కంప్యూటరు దానంతటదే పేర్లు వేసుకుని, ఆయన సంతకం కూడా అదే వేసుకుని, కొన్న ప్రతివాళ్ల ఇంటికీ పంపింది.

‘అయ్యా, తమరు ముందుచూపు మేళాలో కొనుగోలు చేసిన సామగ్రిని ఇంతవరకూ వినియోగించనట్టు మా దృష్టికి వచ్చింది. మార్చి ముప్పై ఒకటిలోగా సదరు సామగ్రిని స్వయంగా వినియోగించి, తమ సంతకంతో ధ్రువపత్రం సమర్పించవలెను. జాప్యానికి తమరే బాధ్యులు.’

మర్నాడు పొద్దున్నకు పెన్షనర్లందరూ మా కొట్టు ముందున్నారు. ఈసారి కర్రలు తెచ్చారు. సోమయాజులు మాస్టారు నోటీసు ఊపుతూ “స్వయంగా వినియోగించి, సంతకం పెట్టాలట! ఏది ముందు చెయ్యాలో రాయలేదేం?” అని అరిచారు.

వాళ్లలో ఆయన ఒక్కరే చట్టానికి కట్టుబడిన మనిషి. ఏ దస్త్రంలోనూ తన పేరు మీద బాకీ ఉండకూడదు. ఇంటికి వెళ్లి ఫొటో తీయించి ధ్రువపత్రం పంపారు. ఫొటోలో పాడె బొంగులు పెరట్లో నిలబెట్టి ఉన్నాయి, వాటిమీదికి బీరపాదు ఏపుగా పాకింది, కొత్తకుండలో చల్లటి మంచినీళ్లు ఉన్నాయి. పక్కన మాస్టారు గ్లాసు పట్టుకుని నవ్వుతున్నారు. వారం రోజుల్లో జవాబు వచ్చింది. ‘పథకం సామగ్రిని నిర్దేశిత ప్రయోజనానికి కాక ఇతరత్రా వినియోగించినందుకు సంజాయిషీ కోరడమైనది.’ మిగిలినవాళ్లంతా సామాను తెచ్చి మా గుమ్మంలో పడేసి పోయారు. ఆ రకంగా మా కొట్టుకు పాత ఖాతాదారులు తిరిగి రావడం మొదలైంది. ఆ గడిలో నూటికి తొంభై పడింది. అసలు గడిలో, అంటే అమ్మకాల వృద్ధిలో, సున్నా అయింది.

గవరయ్య గారు మాత్రం సామాను వెనక్కి అడగలేదు. ఒకరోజు ఆయాసపడుతూ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. జేబులోంచి నోటీసు తీసి నాకు చూపించాడు. కింద కొడుకు సంతకం.

“నెలాఖరు దాకా టైమిచ్చాడు,” అని నవ్వాడు. నవ్వుకు దగ్గు అడ్డం వచ్చింది.

“అది మిషను పంపిందండి. బాబు గారికి తెలీదండి.”

“తెలిస్తే తట్టుకోలేడురా. అందుకే ఈ కాగితం వాడి కంట పడకుండా దాచాను. డాక్టరు గుండె నీరసంగా ఉందన్నాడు. అదీ వాడికి చెప్పలేదు. మార్చి దాటాక చెబుతాను. ఇప్పుడు పనిలో ఉన్నాడు.”

మార్చి దాటలేదు. ఇరవయ్యో తారీఖు దాటాక ఒక ఉదయం పృథ్వీధర్ గారు మా కొట్టు ముందు నిలబడ్డారు. మెడలో కార్డు లేదు. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నారు. కాళ్లకు చెప్పులు లేవు. పంపడానికి ఇంట్లో ఇంకో మగమనిషి లేడు.

నేను రండి అనలేదు. ఎవరని అడగలేదు. అటక మీంచి మూట దించాను.

ఆయన చీటీ చూశారు. తండ్రి పేరు చూశారు. “ఇది...” అన్నారు.

“నాన్నగారు మేళాలో తీసుకున్నారండి. ఆ రోజు ఒక్కటి తక్కువైతేనండి.”

ఆయన మీద నాకు ఎంతో కోపం ఉండేది. కాలరు చిరిగిన నాడు ఉంది, నోటీసులు వెళ్లిన నాడు ఉంది. ఆ నిమిషంలో వెతికితే దొరకలేదు. తండ్రి పోయిన కుర్రవాడు, అంతే. అందరూ అలాగే నిలబడతారు ఆ చోట.

తాళ్లు చుట్ట చుట్టి ఇచ్చాను. కుండ ఇచ్చాను. ఆఖర్న అగ్గిపెట్టె పెట్టాను. ఆయన అలవాటు చొప్పున జేబులో చెయ్యి పెట్టారు.

“దీనికెంత?”

“దానికి తీసుకోమండి.”

ఆయన అగ్గిపెట్టెను అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. ఆ తరవాత నేను అనవలసిన రెండు వాక్యాలున్నాయి. అనకపోతే మార్కులు కోస్తారు. నేను నోరు మూసుకున్నాను. ఆయన కళ్లెత్తారు. సరిగ్గా ఆయన తలమీదే బోర్డు. పొద్దున్న ఎవరూ ఆర్పకపోవడంతో బల్బులు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఆయన దాన్ని మొదటిసారి చదివినట్టు అక్షరం అక్షరం చదివారు.

“ఇది ఎవరు రాయించారు?” అన్నారు మెల్లగా.

“తమరేనండి,” అన్నాను.

ఆయన తలూపారు. మూట భుజానేసుకుని వెళ్లిపోయారు. వెనక్కి చూడలేదు.

దినవారాలు అయ్యాక గుండుతో వచ్చారు. ఎవరితోనూ మాట్లాడకుండా మిఠాయి కొట్టులోంచి స్టూలు తెచ్చుకుని, ఎక్కి, బోర్డు తనే దించారు. బల్బుల తీగ చుట్టి పక్కన పెట్టారు. నేను లక్ష్యం చేరవలసిన గడువు అప్పటికే దాటిపోయింది. రేపో మాపో తాళం పడుతుందని నేను సామాను సర్దుతున్నాను. ఆయన నా పాత దరఖాస్తు తెరిచారు. గీత కొట్టిన నా మాటల్ని దాని కిందే మళ్ళీ తన చేత్తో రాశారు. ‘ఎవరూ రాకుండా ఉండాలి. వచ్చినవాళ్లకు ఏదీ లేదనకూడదు. ఇదే ఈ దుకాణం లక్ష్యం.’ సంతకం కూడా ఈసారి కంప్యూటరు చేత పెట్టించలేదు.

“పైకి పంపుతున్నాను తాతబ్బాయి గారూ. గది నిలబడితే దీనివల్లే నిలబడాలి,” అన్నారు. నన్ను ‘గారు’ అనడం అదే మొదలు. ఆ రాత్రి నేనూ సత్యవేణీ చాలాసేపు ఆయన గురించే చెప్పుకున్నాం.

పైనుంచి జవాబు నెలలోపే వచ్చింది. నేను ఊహించినదానికన్నా ఎంతో మర్యాదగా వచ్చింది.

‘సదరు దుకాణం సమర్పించిన నూతన లక్ష్యం, అనగా ఎవరూ రాకుండా ఉండుట, మిక్కిలి స్పష్టంగానూ, కొలవదగినదిగానూ ఉన్నందున ఆమోదించడమైనది. రెండవ వాక్యం మొదటిదానికి అవరోధంగా ఉన్నందున తొలగించడమైనది. ఈ లక్ష్యం ఆరోగ్య శాఖ లక్ష్యంతో చక్కగా పొసగినందుకు కమిషనరును అభినందించడమైనది. గది కాలపరిమితి పొడిగించడమైనది. ఇకమీదట దుకాణానికి వచ్చు ప్రతి ఖాతాదారుడినీ లక్ష్యలోపంగా పరిగణించి, లోపాలు మితిమీరినచో గది స్వాధీనపరచుకొనబడును.’

ఉత్తర్వుతోపాటు కొత్త బోర్డు కూడా పంపారు. అదే పసుప్పచ్చ రంగు, అవే ఎర్ర అక్షరాలు. నమస్కారం పెట్టే ఆడమనిషి కూడా ఉంది, నవ్వు మాత్రం తీసేశారు. ‘దయచేసి రావద్దు.’

పృథ్వీధర్ గారిని అప్పటికి వేరే ఊరు బదిలీ చేశారు. కొత్త అధికారి దగ్గరుండి బోర్డు బిగించి, గుమ్మంలో ఒక మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఎవరైనా వస్తే రాసుకోవడానికి. నేను పీటమీద కూర్చుని ఎదురుగా ఆసుపత్రి గేటువైపు చూస్తున్నాను. నా బతుకులో మొదటిసారి, గవర్నమెంటువారి లక్ష్యమూ నా లక్ష్యమూ ఒకటే అయ్యాయి. నా గది కూడా దానిమీదే ఆధారపడి ఉంది. సాయంత్రం దాకా ఎవరూ రాకపోతే బాగుండునని దణ్ణం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం గేటులోంచి ఒక ముసలావిడ బయటికొచ్చింది. ఏటి లంకల్లోనుంచి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్లకు ఇంకా ఇసక అంటుకునే ఉంది. రోడ్డు దాటి మా గుమ్మం దగ్గర ఆగి, తలెత్తి బోర్డు కేసి చూసింది.

“చదువు రాదు నాయనా. ఏం రాశారు దానిమీద?”

కుర్చీలో మనిషి పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాడు.

“రావద్దని రాశారమ్మా,” అన్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “మంచి మాటే రాశారు. నేనూ రాకూడదనే అనుకున్నాను నాయనా,” అంది. మెట్టు మీద కూర్చుంది.

నేను లేచి గోడకు చేరేసిన బొంగులు కిందికి దించాను.